తీగ మధ్యలో ఆగిన అమ్మీ

కన్నలూ, నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే నెల నేను పెర్త్ వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో నాకు వీల్‌చెయిర్ బుక్ చేసిందట. "నడవలేవని కాదమ్మా. తోసే మనిషి ఒకడు పక్కనుంటే గేటు తప్పిపోవు, నాకూ నిద్ర పడుతుంది" అంది. సరేలే అన్నాను. మీ అమ్మతో వాదించి గెలిచినవాళ్ళు మన ఇంట్లో ఎవరూ లేరు.

ఫోన్ పెట్టేసి టీ పెట్టుకుంటుంటే ఒక అమ్మీ గుర్తొచ్చింది. అమ్మీ అంటే ఆవిడ కూతురి మాటలో అమ్మ. నేను ఉద్యోగం చేసిన గాజు అడవిలో, గాలిలో తీగ మధ్యన ఆగిపోయిన మనిషి. ఆవిడ సంగతి మీకెప్పుడూ చెప్పలేదు. మీకు తెలుగు చదవడం అంతంతమాత్రమే కదా, దీన్ని మీ అమ్మే పైకి చదివి వినిపించాలి. అదీ మంచిదే.

ముందు గాజు అడవి ఏమిటో చెప్పాలి. మీ తాతయ్యా నేనూ మలేసియాలో పుట్టి, పని కోసం సింగపూర్ దిగొచ్చినవాళ్ళం. నేను చాలా ఏళ్ళు బూన్ లే దగ్గర ఫ్యాక్టరీలో చిన్న చిన్న వైర్లు అతికించాను. ఆ ఫ్యాక్టరీ తాళం వేసి వేరే దేశం వెళ్ళిపోయింది. ఇంట్లో కూర్చుంటే కాళ్ళూ చేతులూ గుంజేస్తున్నాయని ఇంకో పని వెతుక్కున్నాను. అలా దొరికింది ఇది.

బాగా ఎత్తయిన కొండల మీద కొన్ని అడవులుంటాయి. మబ్బులు పైనుంచి పోవు, చెట్ల మధ్యలోనే కాపురముంటాయి. ఎండ తక్కువ, తడి ఎక్కువ. కొమ్మలన్నిటికీ నాచు ఉన్ని తొడుగులా పట్టేసి ఉంటుంది. ఒక చెట్టు మీద ఇంకో మొక్క, దాని మీద ఇంకోటి. సింగపూర్లో అలాంటి కొండ ఎక్కడిది? అందుకని పెద్ద గాజు గుమ్మటం కట్టి, లోపల కొండ కట్టి, చలి పుట్టించి, ఆ అడవిని తెచ్చి నిలబెట్టారు. రోజూ వేళకి సన్నటి గొట్టాల్లోంచి పొగలాంటి తడి వదిలేవారు. మేం పనివాళ్ళం దాన్ని 'మబ్బు వదలడం' అనేవాళ్ళం. మబ్బు వదిలాక మీ చెయ్యి మీకు కనపడదు.

చెట్ల నెత్తి మీదుగా, ఈ కొండ నుంచి ఆ కొండకి ఒక ఇనప తీగ కట్టారు. అదే జిప్‌లైన్. నడుముకీ తొడలకీ పట్టీలు బిగించి, తీగ మీద తిరిగే చక్రాల బండికి తగిలిస్తే, జుయ్యిమని ఆ చివరికి పోతారు. కింద నడిచేవాళ్ళకి చెట్ల కాళ్ళే కనిపిస్తాయి. పైన పోయేవాళ్ళకి పువ్వులూ, కాడల చివర వేలాడే చిన్న చిన్న కూజాల్లాంటి ఆకులూ, కొమ్మల్లో నిలిచిన నీళ్ళూ కనిపిస్తాయి. కనిపిస్తాయని మా బోర్డు మీద రాశారు. నిజానికి అందరూ కళ్ళు మూసుకుని అరుస్తూ పోతారు.

నా పని పట్టీల గదిలో. లోపల చలి కాబట్టి వచ్చినవాళ్ళకి ముందు మా జాకెట్ ఇచ్చి, దాని మీద పట్టీలు బిగించడం. గాజులు తీయించడం, జడ లోపలికి దోపించడం, చీర మీద వచ్చిన ఆంటీలకి పొడుగు ప్యాంటు వెతికి ఇవ్వడం. నేనూ స్వెట్టర్ వేసుకునే పనికెళ్ళేదాన్ని. బూన్ లే బస్టాపులో ఆ ఎండలో నన్ను చూసి, పాపం జ్వరమేమో అని జనం కాస్త దూరం జరిగేవారు.

పట్టీలయ్యాక తూకం. బరువు మరీ ఎక్కువుంటే పంపం. మరీ తక్కువుంటే ఇంకో చిక్కు. తీగ మధ్యలో కాస్త కిందికి వంగి, చివర మళ్ళీ పైకి లేస్తుంది. తేలికైనవాళ్ళు ఆ ఎగువ ఎక్కలేక దారిలోనే ఆగిపోతారు. అందుకని తేలికైనవాళ్ళ చేతికి పసుపు పట్టీ కట్టి, మా మనిషితో కలిపి పంపేవాళ్ళం. బరువు సరిపోతే ఆకుపచ్చ పట్టీ, ఒంటరిగా వెళ్ళొచ్చు. మొదట్లో తూకం అందరి ముందూ ఉండేది. ఆడవాళ్ళు ఎక్కేవారు కాదు. తర్వాత తెర కట్టాం. తెర వెనక తూచేది ఒక మలయ్ ఆవిడ. నేను 'కాక్' అని పిలిచేదాన్ని, వాళ్ళ మాటలో అక్క అని. కాక్ అంకె చెప్పదు, రంగు ఒక్కటే అరుస్తుంది. తూకం ముందు చెప్పులు విప్పేవాళ్ళనీ, ఊపిరి బిగబట్టేవాళ్ళనీ, బంగారం తీసి మొగుడి చేతిలో పెట్టేవాళ్ళనీ మేం చూశాం. తగ్గించి చూపించుకోడానికి మనుషులు పడే పాట్లన్నీ మాకు తెలుసు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి సన్నగా, వెదురు కర్రలా నిటారుగా ఉంది. తల మీద తెల్లటి దుపట్టా. కూతురు ఆవిడ మోచెయ్యి వదలడం లేదు.

"అమ్మీ, మెట్టుంది. చూసి."

"కనబడ్తున్నది బేటా. మెట్టుకు కూడ నేను కనబడ్తున్న."

తెలుగు వినగానే నా చేతులు ఆగిపోయాయి. "ఎక్కడివాళ్ళమ్మా?" అన్నాను.

"అరె, తెలుగే! మాది వరంగల్. ఇప్పుడు బిడ్డ దగ్గర బిషాన్‌ల ఉంటున్న. మీదెక్కడ?"

"మాది మలేసియా అమ్మా. మా తాతలది శ్రీకాకుళం దగ్గరంట. నేను చూడలేదు."

"చూడకుండనే ఇంత మంచిగ మాట్లాడ్తున్నవ్. మా మనవలు చూసొచ్చిన్రు, ఏం లాభం? ఇక్కడి ఇంగ్లీషుల నానీ కెన్ లా, నానీ కెనాట్ లా. గంతే వాళ్ళ తెలుగు."

నేను నవ్వుతూ జాకెట్ తొడిగాను. మా జాకెట్లు పెద్దవి, లోపల ఆవిడ ఎక్కడుందో వెతుక్కోవాలి. దుపట్టా చివర్లు లోపలికి దోపి పట్టీలు బిగిస్తుంటే ఆవిడ నా చెవి దగ్గర అంది, "ఇయ్యాల నువ్వే సాక్షివి. నా బిడ్డకు నాకు పందెం ఉన్నది."

"అమ్మీ, ఆంటీకి ఇవన్నీ ఎందుకు?" అంది కూతురు.

"ఎందుకంటే సాక్షి ఉండాలె. రేపు నువ్వు మాట మారుస్తవ్."

సంగతేమిటంటే, ఆవిడకి యూ టీ అనే పేటలో ఒక స్నేహితురాలు ఉంది. ఆవిడదీ వరంగలే. శనివారం శనివారం రైల్లో అక్కడికి వెళ్ళి, ఇద్దరూ వండుకుని తిని, పాత కబుర్లు చెప్పుకుని సాయంత్రానికి తిరిగొచ్చేది. బిషాన్ నుంచి యూ టీకి ఒకటే రైలు, మధ్యలో మారే పని కూడా లేదు. ఒక శనివారం రైల్లో కునుకు పట్టింది. యూ టీ దాటిపోయింది. జురాంగ్‌లో అందరూ దిగితే తనూ దిగి, జనం వెనకే ఇంకో రైలెక్కి బూన్ లేలో తేలింది. ఫోన్‌లో చార్జింగ్ లేదు. కూతురు చేతిలో పని వదిలేసి ఏడుస్తూ ఊరంతా వెతికితే, ఆవిడ బూన్ లే హాకర్ సెంటర్లో, తిండి కొట్ల దగ్గర, ఎవరో తమిళ కుటుంబంతో కలిసి రోటీ తింటూ కనిపించింది. ఆ రోజుతో శనివారాలు బందు. రైలు బందు. కిందికి వెళ్ళి పాల ప్యాకెట్ తేవాలన్నా ఎవరో ఒకరు తోడు.

"నేనేమన్ననంటే" అంది అమ్మీ, "గీ తీగ మీద నేను ఒక్కదాన్నే, ఎవ్వరి చెయ్యి పట్టకుండ అటు పోతే, నా శనివారాలు నాకు వాపసియ్యాలె. పోకపోతే మళ్ళ నోరెత్త."

"ఓకే అన్నా" అంది కూతురు. ఆవిడ తెర వైపు నడవగానే నా దగ్గరికి జరిగి మెల్లగా అంది, "బోర్డు చదివాను ఆంటీ. తేలికైనవాళ్ళని ఒంటరిగా పంపరు కదా. అమ్మీ ఎముకల గూడు. మీ మనిషితోనే వెళ్తుంది. ఆమెకి సరదా తీరుతుంది, నాకు తలనొప్పి తీరుతుంది."

ఆ పిల్ల మొహంలో గడుసుతనం లేదు కన్నలూ. ఎన్నాళ్ళుగానో నిద్ర లేదు, అంతే.

తెర వెనక నుంచి కాక్ అరిచింది. "గ్రీన్!"

"గ్రీనా?" అంది కూతురు.

అమ్మీ ఆకుపచ్చ పట్టీ కట్టిన చెయ్యి ముందుకు చాపుకుంటూ తెర తీసి బయటికొచ్చింది. మొహంలో ఏమీ లేదు. "బిర్యానీ బిడ్డా, బిర్యానీ" అంది. "నువ్వే తినిపిస్తివి."

ఆ తర్వాత నా డ్యూటీ దిగే చోటికి మారింది. ఆవలి కొండ మీద చెక్క అరుగు ఉంటుంది. వచ్చినవాళ్ళని పట్టుకుని, కొక్కెం విప్పి, నీళ్ళిచ్చి కూర్చోబెట్టాలి. అక్కడ నాతో పాటు మా సూపర్‌వైజర్ ఉన్నాడు. చైనీస్ అబ్బాయి, నెమ్మదస్తుడు, భయస్తుడు. భయస్తుడు కాబట్టే ఆ పనికి తగినవాడు. ఎక్కే చోట ఒక మలయ్ పెద్దాయన ఉంటాడు. ఆయన మాటలు మాకు వాకీటాకీలో వినపడతాయి.

తల్లిని దిగేచోట తనే పట్టుకోవాలని కూతురు ముందు వచ్చింది. "అమ్మీ! అమ్మీ!" అని దారి పొడుగునా అరుస్తూనే వచ్చింది. దిగి, జుట్టు సవరించుకుని, తల్లి కోసం చూస్తూ నిలబడింది. తల్లి రాలేదు. మా మనిషితో కలిసి ఒక పిల్లాడొచ్చాడు. తర్వాత ఒక పిల్ల. తర్వాత ఇంకో పిల్ల. వాకీటాకీలో పెద్దాయన నవ్వుతూ చెప్పాడు, "ఈ ఆంటీ అందర్నీ ముందు పొమ్మంటోంది. లైన్లో పిల్లలందరికీ తనే అమ్మమ్మ అయిపోయింది."

మబ్బు వదిలే వేళ దగ్గరపడింది. మబ్బులో ఎవర్నీ పంపం. "ఇదే ఆఖరు. గ్రీన్. ఆంటీ వస్తోంది" అన్నాడు పెద్దాయన.

తీగ పాడడం మొదలైంది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. జుయ్యిమని మొదలై, పెరిగి, మన దగ్గరికొచ్చేసరికి గరగరమంటుంది. ఈసారి పెరగలేదు. నీరసపడింది. టిక్, టిక్ మని రెండుసార్లు చక్రం కొట్టుకుని ఆగిపోయింది. చెట్ల మధ్యలో తెల్లటి దుపట్టా కొస ఒకటి కనిపించింది. అంతలో గొట్టాలు బుసకొట్టాయి, మబ్బు వచ్చేసింది.

ఏమీ లేదు. తీగ కూడా మా చేతి దూరం దాటాక కనిపించడం మానేసింది.

"అమ్మీ!" కూతురు రెయిలింగ్ మీదికి వంగిపోయింది. నేను నడుం పట్టుకుని వెనక్కి లాగాను.

"చిల్లాయించకు బేటా" అని మబ్బులోంచి వినపడింది. "ఇన్పిస్తున్నది."

సూపర్‌వైజర్ అప్పటికే మబ్బు ఆపమని చెప్పేసి, తన కొక్కెం తీగకి తగిలించుకుంటున్నాడు. "గ్రీన్ బ్యాండ్ కదా ఆంటీ, ఎలా ఆగింది? ఎలా?" అంటున్నాడు. ఆపమంటే గొట్టాలు ఆగుతాయి కానీ, వచ్చిన మబ్బు వెనక్కి పోదు కదా. కరగాలి.

నేను గొంతు పెంచాను. మీకు తెలుసుగా, నా గొంతు వంటింట్లోంచి హాల్లోకే వినపడదు. "అమ్మా! ఒంట్లో బాగానే ఉందా?"

"మంచిగనే ఉన్న."

"ఎందుకాగిందో ఏమో, భయపడకండి!"

ఈసారి కొంచెం సిగ్గుపడుతున్న గొంతు. "ఎందుకాగిందో నాకెరుకే. జేబుల సీసాలు లేకపాయె."

"ఏం సీసాలు?"

"నీళ్ళ సీసాలు. జాకెట్ జేబులల్ల నాలుగు పెట్టుకున్న, బరువు రానీకి. పైన మెట్లెక్కి పిల్లలు రొప్పుతున్నరు. ఒకడు నీళ్ళడిగిండు. ఇయ్యకుంటెట్ల? ఇంకో పోరి అడిగింది. నీళ్ళడిగితే లేదంటరా ఎవరన్న? ఆఖరుది ఆ మలయ్ ముసలాయనకే ఇచ్చిన, పాపం దగ్గుతున్నడు."

నేను సూపర్‌వైజర్‌కి ఇంగ్లీషులో చెప్పాను. కొక్కెం తగిలించుకుంటున్నవాడు నోరు తెరిచి నన్ను చూశాడు. తగ్గించుకునేవాళ్ళని పట్టుకోడానికి మాకు వంద ఉపాయాలు తెలుసు. పెంచుకుని వచ్చిన మనిషిని అదే చూడడం. పెంచుకున్నది కూడా దారిలో పంచేసింది.

"నేను వెళ్ళి లాక్కొచ్చేస్తాను" అన్నాడు అబ్బాయి.

అతని మాట ఆవిడకి ఎలా అర్థమైందో, "ఎవ్వరు రాకున్రి!" అని అరిచింది. "ఎవరన్న ముడితే నా శనివారాలు పోతయ్."

కూతురు ఏడుపు మొదలుపెట్టింది. "వెళ్ళండి సార్, ప్లీజ్, వెళ్ళండి. పందెం లేదు ఏం లేదు." తర్వాత నా వైపు తిరిగి, "ఆ రోజు కూడా ఇట్లనే ఆంటీ. ఎక్కడుందో తెలీదు. ఫోన్ చేస్తే పోదు. ఆ మూడు గంటలు నేను ఏమేం ఊహించుకున్నానో అమ్మీకి తెలీదు. ఆమె రోటీ తింటోంది" అంది. చేతులు చల్లగా అయిపోయాయి. నా స్వెట్టర్ విప్పి కప్పి, ఆ చేతులు నా చేతుల్లోకి తీసుకున్నాను. ఆ రోజు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాల్సింది ఈ పిల్లదేనని నాకప్పుడు అనిపించింది.

తీగ మీద ఆగిపోతే ఏం చెయ్యాలో ఎక్కేముందు ప్రతివాళ్ళకీ చెబుతాం. వెనక్కి తిరిగి, తల మీదున్న తీగని పట్టుకుని, చెయ్యి మీద చెయ్యి మార్చుకుంటూ వీపు వైపుకి లాక్కోవాలి. కుర్రాళ్ళు చేస్తారు. చెయ్యలేకపోతే మేం వెళ్తాం. ఆవిడ వయసువాళ్ళు ఎవరూ ఎప్పుడూ చెయ్యలేదు, నిజమే. ఆవిడంత పట్టుదలగా అడిగినవాళ్ళూ లేరు.

సూపర్‌వైజర్ నా మొహం చూశాడు. అతనే ఒక ఊపిరి తీసుకుని, "ఓకే ఆంటీ. యూ టాక్ టు హర్. నేను కొక్కెం తగిలించుకునే ఉంటాను. చక్రం చప్పుడు ఆగితే వెళ్ళిపోతాను, ఆమె ఏమన్నా సరే" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు ఆ రోజు కలిగిన గౌరవం ఇప్పటికీ ఉంది.

"అమ్మా, వెనక్కి తిరగండి. నా గొంతు మీ వీపుకి వినపడాలి."

"తిరిగిన. లేదు, మళ్ళ ముందుకొచ్చిన. గిర్ర గిర్ర తిరుగుతున్న."

"తీగ పట్టుకుంటే తిరగడం ఆగుతుంది. చేతికి గ్లవ్స్ ఉన్నాయిగా?"

"ఆఁ. పట్టిన."

"ఇప్పుడు ఒక చెయ్యి వెనక్కి వేసి లాగండి."

చప్పుడు లేదు. కూతురు నా చేతులు నలిపేస్తోంది. ఇంకా చప్పుడు లేదు.

"అమ్మా?"

"ఆగు జర. ఇక్కడొక కొమ్మ ఉన్నది. నా మొకం పక్కనే. దీని మీద ఎంత నాచు, పిల్లి వీపు లెక్క. దాన్ల ఒక పువ్వు ఉన్నది. ఆవగింజంత. పచ్చది. గింత పైన ఎవ్వరు చూడనికాడ ఎందుకు పూసిందో, ఏమో."

"అమ్మీ, తర్వాత చూద్దువు గానీ!" అని కూతురు అరిచింది.

"మళ్ళ ఎప్పుడు చూస్త బేటా? అందరు జుయ్యని పోతరు. నేనే ఆగిన."

అప్పుడు చక్రం కదిలింది. ఒక్క గరుకు చప్పుడు. దాని వెనకే ఆవిడ గొంతు.

"కాజీపేట!"

నాకర్థం కాలేదు. మళ్ళీ చక్రం.

"మడికొండ!"

కూతురు ఏడుపు ఆపి తల ఎత్తింది. "బస్సు స్టాపులు" అంది నాతో. "అమ్మీ వరంగల్ బస్టాండులో రిజర్వేషన్ కౌంటర్లో పనిచేసింది, రిటైరయ్యే దాకా. చిన్నప్పుడు నాకు అన్నం తినిపించేటప్పుడు ముద్దకో స్టాప్ చెప్పేది. హైదరాబాద్ వచ్చేలోపల ప్లేటు ఖాళీ కావాలి."

"స్టేషన్ ఘన్‌పూర్!" చక్రం. "రఘునాథపల్లి!" చక్రం. గొంతు దగ్గరపడుతోంది, ఊపిరి బరువెక్కుతోంది. "జనగామ!"

అక్కడ ఆగిపోయింది.

సూపర్‌వైజర్ ఒక కాలు అరుగు అంచు మీద పెట్టాడు. "ఆంటీ. ఐ గో?"

ఆయాసంతో మబ్బులోంచి ఒక మాట వచ్చింది. "జనగామల... బస్సు ఆగుతది. చాయ్ కోసం."

అబ్బాయి చక్రం ఆగితే వెళ్తానన్నాడు, ఆగింది. అతను వెళ్ళడమే న్యాయం. "బస్ స్టాప్ ఫర్ టీ" అన్నాను, నాకే నవ్వూ ఏడుపూ కలిసొచ్చేస్తుంటే. అతను కళ్ళు మూసుకుని తెరిచాడు. కాలు అక్కడే ఉంచాడు.

చాయ్ చాలాసేపు పట్టింది. చుట్టూ ఆకుల మీంచి నీళ్ళు కారే చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు కూతురు నా చేతుల్లోంచి తన చేతులు తీసుకుంది. రెయిలింగ్ దగ్గరికి వెళ్ళి, రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వెళ్ళమని అబ్బాయికి చెబుతుందనుకున్నాను.

"ఆలేర్, అమ్మీ!" అని అరిచింది. "జనగామ అయిపోయింది. నెక్స్ట్ ఆలేర్!"

చక్రం గరగరమంది.

"భువనగిరి!" అంది కూతురు. చక్రం.

"బీబీనగర్!" ఇద్దరూ ఒకేసారి అన్నారు.

మబ్బులోంచి ముందు ఒక వీపు వచ్చింది. మా పెద్ద జాకెట్, ఖాళీ జేబులు వేలాడుతూ. తర్వాత హెల్మెట్. వెనక్కి వెనక్కి వస్తోంది కాబట్టి ఆవిడ మమ్మల్ని చూడడం లేదు, అడవినే చూస్తూ వస్తోంది. ఘట్‌కేసర్ దగ్గర సూపర్‌వైజర్ అలవాటుగా చెయ్యి చాపాడు. కూతురు ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించేసింది.

"ఉప్పల్" అంది అమ్మీ మెల్లగా. మడమ వెనక్కి పెట్టి తడిమి, చెక్క తగిలాక పాదం ఆనించి, రెండో పాదం కూడా ఆనించింది. ఆ తర్వాతే నేను కొక్కెం ముట్టుకున్నాను.

కూతురు తల్లిని కావలించుకుని కాసేపు వదల్లేదు. వదిలాక తిట్టడం మొదలుపెట్టింది. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో తిట్టింది. ఆఖర్న, "అయినా నువ్వు గెలవలేదు. మధ్యల ఆగినవ్" అంది.

"బస్సు ఆగదా బేటా? ఆగితే పోనట్టా?"

"సీసాలు పెట్టుకుని చీటింగ్ చేసినవ్."

"సీసాలు లేకుండనే వచ్చిన కదా."

కూతురు నా వైపు తిరిగింది. "సాక్షి మీరే. చెప్పండి ఆంటీ."

నేను పట్టీలు బిగించేదాన్ని, తీర్పులు చెప్పేదాన్ని కాదు. "మధ్యలో ఎవరూ ముట్టుకోలేదమ్మా. అంతవరకు చూశాను" అన్నాను. ఆ పిల్ల నా స్వెట్టర్ మడతపెట్టి ఇచ్చి, తల్లి మోచెయ్యి పట్టుకోబోయి, మెట్ల దగ్గర ఆగింది. అమ్మీ తనే దిగింది. కూతురు ఒక మెట్టు వెనక, చెయ్యి గాల్లో పెట్టుకుని దిగింది. నేను వాళ్ళ వీపులు చూస్తూ ఉండిపోయాను.

సింగపూర్లో ఒక మనిషి ఒక పని చేస్తే మర్నాటికి దానికో బోర్డు ఉంటుంది. మా తెర పక్కన కూడా వెలిసింది. తూకానికి ముందు జేబులు ఖాళీ చెయ్యాలని, నీళ్ళసీసా బొమ్మ మీద ఎర్రగీత కొట్టి. ఆ బోర్డు ఎందుకొచ్చిందో కాక్ నాకు నటించి చూపించేది, ఇద్దరం కడుపు పట్టుకునేవాళ్ళం. పువ్వు సంగతి తోట చూసేవాళ్ళకి చెబితే, ఒకమ్మాయి తాడు కట్టుకుని ఎక్కి చూసొచ్చింది. నిజమే, ఉంది. ఆ మొక్క చచ్చిపోయిందనుకున్నారట.

పందెం ఏమైందో మాత్రం చాలా రోజులు తెలియలేదు. ఆ ఉద్యోగం నేను మానేశాక తెలిసింది. ఒక శనివారం సరిహద్దు అవతల జొహోర్లో మా చెల్లిని చూసి, బిస్కెట్ల సంచులతో ఉడ్‌ల్యాండ్స్‌లో రైలెక్కాను. ఎదురు సీట్లో వెదురు కర్రలా నిటారుగా ఒకావిడ. తెల్ల దుపట్టా. ఒళ్ళో టిఫిన్ డబ్బా, చేతిలో నీళ్ళ సీసా.

నన్ను చూడగానే పక్క సీటు తట్టింది. "దా, కూసో. నా సాక్షివి కదా. నీళ్ళు తాగుతవా?"

"శనివారాలు వచ్చేశాయన్నమాట" అన్నాను.

"వచ్చినయ్" అంది. కిటికీ మీదున్న స్టేషన్ల బొమ్మ చూస్తూ పెదాలు కదిలిస్తోంది. మార్సిలింగ్, క్రాంజీ, యూ టీ.

అంతలో నా కళ్ళు పక్క బోగీ మీద పడ్డాయి. మా రైళ్ళలో బోగీల మధ్య తలుపులుండవు కదా, దూరం దాకా కనిపిస్తుంది. అక్కడ ఒక పిల్ల, మొహానికి మాస్కు, తల మీద టోపీ, స్తంభానికి అతుక్కుని నిలబడి ఇటే చూస్తోంది. నేను గుర్తుపట్టానని తెలియగానే కంగారుపడి, మాస్కు మీద వేలు పెట్టింది. చెప్పొద్దు ఆంటీ, అని. నేను చూపు తిప్పుకుని బిస్కెట్ల సంచి సర్దుకున్నాను.

రైలు క్రాంజీ దాటింది. అమ్మీ టిఫిన్ డబ్బా చేతికి తగిలించుకుని లేచింది. లేస్తూ, తల తిప్పకుండా, నా చెవిలో అంది.

"పక్క డబ్బాల నా బిడ్డ ఉన్నది. చూడకు. నాకు తెల్సని ఆమెకు తెల్వది. ప్రతి వారం వస్తది, టోపీ మార్చుకుంట. నేను యూ టీల దిగంగనే వాపసు పోతది. పోనీ, రాత్రిపూట ఇద్దరం నిద్రపోతున్నం కదా ఇప్పుడు."

తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ దిగింది, వెనక్కి చూడలేదు. ప్లాట్‌ఫారం మీద కాస్త నెమ్మదిగా నడిచింది. వెనకవాళ్ళకి కాసేపు కనిపించాలని కావచ్చు.

ఇదీ సంగతి కన్నలూ. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి మీ అమ్మ చదవడం ఆపేసి ఉంటుంది. కానీ అమ్మా, ఆగకు, చదువు. ఆ వీల్‌చెయిర్ వద్దని చెప్పెయ్. నేను బూన్ లే నుంచి ఎయిర్‌పోర్టుకి రైల్లోనే వెళ్తాను, గేటు నేనే వెతుక్కుంటాను, తప్పిపోతే ఎవర్నో ఒకర్ని అడుగుతాను. పెర్త్‌లో నేను బయటికొచ్చే చోట పెద్ద స్తంభాలున్నాయి, పోయినసారి చూశాను. నీకు ఉండబట్టకపోతే ఒకదాని చాటున నిలబడు. టోపీ కూడా పెట్టుకో. నేను కాస్త నెమ్మదిగానే నడుస్తాను.